యాంటెన్నా కింది గూఢచారి

“ప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు గ్లెన్. నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!”

ఈ ప్రకటన చేసినవాడు నా చిన్ననాటి మిత్రుడు లయల్ హబ్బెల్. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఒహాయోలోని మా కార్వెల్ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూశాడు. పరాయి పెరళ్ళలోకి తొంగిచూడ్డం అలవాటైన కళ్ళు ఊరుకోవు కదా, రిటైరయ్యాక డిటెక్టివ్‌నన్నాడు. మా రేడియో క్లబ్బులో సభ్యుడే గానీ, రేడియోలో మాట్లాడే లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పాడో వాడికే తెలియదు. అందుకని జూన్ పోటీలో మైకు ముట్టనివ్వకుండా కాపలా పని అప్పజెప్పాను. నా ఖర్మ.

పోటీ సంగతి సులువే. సంతమైదానంలో టెంటు వేసుకుని, రేడియోలో ఎంతమందిని పలకరిస్తే అన్ని పాయింట్లు. జనం ఎన్నుకున్న నాయకుడెవరైనా వచ్చి చూస్తే ఇంకో వంద. కొన్నేళ్ళుగా కప్పు ఏటి అవతలి టిల్సన్ క్లబ్బుదే. దాన్ని వాళ్ళ ఊరి డోనట్ల దుకాణం కిటికీలో పెట్టి మరీ మమ్మల్ని ఏడిపిస్తున్నారు. ఈసారి ఆ వంద కోసం కొత్త మేయర్ పెటిబోన్‌ను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. చెప్పిన వేళ దాటి గంటయింది. మనిషి జాడ లేదు.

లయల్ మాత్రం వచ్చాడు, మీసం దువ్వుకుంటూ.

“టిల్సన్ గూఢచారిని పట్టేశాను! మన యాంటెన్నా వంక నోరు తెరుచుకు చూస్తున్నాడు. ఎవరు నువ్వంటే ‘నన్నే ఎరగవా?’ అన్నాడు. పాత నేరస్థులే అలా అంటారు! లోపల మన రెండో రేడియో సెట్టు చూద్దువు రమ్మని ట్రైలర్లోకి పంపి, బయట తాళం పెట్టేశాను.”

నా చెవులకు హెడ్‌ఫోన్లు. వాడి మాటల్లో సగమే చెవికెక్కాయి.

“నీ గూఢచారి సంగతి తర్వాత చూద్దాంలేరా. ముందు మేయర్ ఎక్కడున్నాడో వెతుకు. ఆయన రాకపోతే ఈ ఏడూ కొంప మునిగినట్టే!”

“మేయర్ మాయం!” లయల్ కళ్ళు మెరిశాయి. “ఆనవాళ్ళు?”

“పొట్టివాడు, ఎర్ర టోపీ. ఓటేశావుగా, ఎరగవూ?”

“ఆ రోజు ఓ అనుమానితుడి వెంటపడి ఓటుకే వెళ్ళలేదు. చివరికి చూస్తే పోస్ట్‌మాన్.” వెళ్ళబోతూ ఆగాడు. “విచిత్రం! నా గూఢచారిదీ ఎర్ర టోపీయే. అంటే మేయర్‌ను మాయంచేసి టోపీ కూడా కొట్టేశాడన్నమాట!”

ఈ చివరి ముక్క నేను వినివుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ హెడ్‌ఫోన్లలో ఒరెగాన్ వాడు పిలుస్తున్నాడు.

లయల్ మైదానమంతా గాలించాడు. పాప్‌కార్న్ బండి కింద దూరాడు. ఆడవాళ్ళ మరుగుదొడ్ల తలుపులు తట్టి గొడుగు దెబ్బలు తిన్నాడు. ఈలోగా నేను డయల్ తిప్పుతుంటే ఒక గొంతు చెవులు బద్దలయ్యేలా అరిచింది.

“కాపాడండి! నేను కార్వెల్ మేయర్ని! ఫోను కార్లో ఉండిపోయింది! నన్ను ట్రైలర్లో బంధించారు!”

“ఐదు తొమ్మిది! ఏ రాష్ట్రం?” అన్నాడు మానిటోబా వాడు.

“ఒహాయో! పోలీసులకి చెప్పు బాబూ—”

“ఒహాయో, థాంక్స్! తర్వాతెవరు?”

ఐదు తొమ్మిది అంటే, మీ గొంతు గంటలా మోగుతోందని. పోటీల్లో వినబడినవాడికీ వినబడనివాడికీ అదే చెబుతాం. పాపం మేయర్ ఖండంలో సగం మందికి మొరపెట్టుకున్నాడు. అందరూ ఐదు తొమ్మిదే ఇచ్చారు, ఒక్కడూ ఆగలేదు.

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి పరుగెత్తి, తాళం తీయించాను.

“చూశావా, మేయర్ని కనిపెట్టేశాను!” లయల్ చేతులు చరిచాడు. “గూఢచారి మాత్రం తప్పించుకున్నాడ్రా.”

“క్షమించండి సార్...” అన్నాను.

పెటిబోన్ మైకు మీంచి తలెత్తలేదు. “ముందా తలుపెయ్యవయ్యా! యూకాన్ వాడు పిలుస్తున్నాడు!”

లైసెన్సు లేని మనిషి పలకరింపులు చెల్లవని వాటిని నేనే కొట్టేశాను. వంద మాత్రం వదల్లేదు. నాయకుడు రావాలన్నారు గానీ, ఉండడం ఇష్టమై ఉండాలని నియమాల్లో లేదు. కప్పు మాకొచ్చింది. దాన్ని కావలించుకుని ఏడ్చేశాను.

ఆకురాలు కాలానికల్లా పెటిబోన్ లైసెన్సు సంపాదించాడు. మా క్లబ్బులో చేరమని ఆపిల్ కేకు పట్టుకుని వెళ్ళాను.

“మంచివాళ్ళే గానీ గ్లెన్, మీ దగ్గర తాళాలెక్కువ” అన్నాడు. వెళ్ళి టిల్సన్‌లో చేరాడు.

మరుసటి జూన్‌లో ఆ గొంతు దెబ్బకు మేం చిత్తయిపోయాం. డోనట్ల కిటికీ ముందు నిలబడి, అద్దం అవతలి కప్పును చూస్తున్నాను. లయల్ నా భుజం తట్టాడు.

“టిల్సన్ మనిషని ఆ రోజే చెప్పానా, లేదా?”