మంచం కింద బ్యాటరీలు

పదకొండింటికి ఉపన్యాసం. విషయం: ట్రైలర్‌లో బ్యాటరీలు ఎంచుకోవడం, ప్రమాదం లేకుండా వాడుకోవడం. చలికాలమంతా ట్రైలర్లతో, అంటే ట్రక్కు లాగే చక్రాల ఇళ్లతో, అరిజోనా ఎడారిలో మకాం పెట్టే జనానికి వెర్లిన్ హాక్ నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నాడు. పోయినేడు విన్నది ముగ్గురు, అందులో ఒకాయన నిద్రపోయాడు. ఈసారి అందరూ వినేలా చేసి తీరాలని వెర్లిన్ కంకణం కట్టుకున్నాడు.

ఉపన్యాసం ఇచ్చేవాడు తన ట్రైలర్ తెరిచి చూపించడం అక్కడి ఆనవాయితీ. నిండుగా ఉన్న తన బ్యాటరీలు చూసి అందరి కళ్లూ చెదరాలని, జనరేటర్లకు అనుమతి ఉన్న ఎనిమిది కొట్టగానే తనది ఆన్ చేసి, చార్జర్ మీటను ఆఖరి గీత దాకా తిప్పాడు.

తొమ్మిదింటికి భార్య లోరెట్టా మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ముక్కు ఎగబీల్చింది.

"కుళ్లిన గుడ్ల కంపు కొట్టడం లేదూ?"

"ఉపన్యాసం అయ్యాక అందరి విందుకని నువ్వు ఉడకబెట్టినవే!"

"ఇంకా వేడి కూడా ఆరలేదు. అప్పుడే ఎలా కుళ్లుతాయి?"

వెర్లిన్ వినలేదు. నలభై గుడ్లూ చెత్తసంచీలో పడ్డాయి. కంపు పోలేదు.

"అయితే డ్వైట్‌గాడి మరుగుదొడ్డి ట్యాంకే" అని పక్క ట్రైలర్ మీదికి తగువుకు వెళ్లాడు.

"నా ట్యాంకా? నీ ముక్కు చూపించుకో ముందు!" అని డ్వైట్ మండిపడ్డాడు. అయినా పరువు కొద్దీ ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించుకుని, రెండు మైళ్లు లాక్కెళ్లి ట్యాంకు ఖాళీ చేసి వచ్చాడు. కంపు మరింత పెరిగింది.

"ఈ పరుపు కూడా వెచ్చగా ఉందేమిటి?" అంది లోరెట్టా.

"కిటికీలోంచి ఎండ పడుతోంది, ఉండు!"

సరిగ్గా అప్పుడే గ్యాస్ అలారం కుయ్యోమంది.

"గ్యాస్! అందరూ సిలిండర్లు కట్టేయండి!" అని వెర్లిన్ బయటికి పరుగెత్తి కేకలు పెట్టాడు. సగం ఉడికిన చిక్కుళ్లు పొయ్యిల మీదే వదిలేసి, అరవైమంది కంకర దారి మీద గుమిగూడారు. డ్వైట్ వచ్చి వెర్లిన్ సిలిండర్ గొట్టాలకు సబ్బునురుగు రాసి చూశాడు. ఒక్క బుడగా రాలేదు.

"వెర్లిన్, మన పరుపు కింద ఏముంది?" అని లోరెట్టా నెమ్మదిగా అడిగింది.

వెర్లిన్ ముఖం పాలిపోయింది. దొంగల భయంతో బ్యాటరీలను బయటి పెట్టెలోంచి తీసి మంచం కింద దాచింది తనే. గబగబా జనరేటర్ ఆపాడు. తలుపులు బార్లా తెరిచి, గాలి ఆడాక చూస్తే, బ్యాటరీలు చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి.

అప్పటికి పదకొండయింది. సిగ్గుతో భూమిలోకి కుంగిపోతున్నా, ఎదురుగా అరవైమంది ఉన్నారు. ఇంత జనం మళ్లీ దొరకదు. వెర్లిన్ ఒక కుర్చీ ఎక్కాడు.

"తప్పు నాదే. ఇలాంటి నీళ్లు పోసే సీసం బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు వాయువు వదులుతాయి. చార్జ్ మితిమీరితే ఇలా కంపు కొట్టేదీ, అలారం మోగించేదీ ఆ వాయువే. అందులో నిప్పురవ్వ పడితే పేలుతుంది. లోపల పెట్టక తప్పదంటే మూత బిగిసిన పెట్టెలో పెట్టి, గొట్టం బయటికి తీయాలి. చార్జర్ మీట బ్యాటరీకి తగ్గట్టు ఉండాలి. ఆ బాధ వద్దనుకుంటే లిథియంవి కొనుక్కోండి, కానీ గడ్డకట్టే చలిలో వాటిని చార్జ్ చేయకండి. నిజం చెప్పండి, మంచం కింద బ్యాటరీలు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఇంకా ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరికంటే ముందు డ్వైట్ పరుగు తీశాడు. అతని వెనకే జనమంతా తమ తమ ట్రైలర్ల వైపు పరుగెత్తారు.

చప్పట్లు కొట్టడానికి లోరెట్టా ఒక్కతే మిగిలింది. ఆమె కొట్టలేదు.