తూర్పుపాలెం ధైర్యం

భయం ప్రజల సొత్తనీ, ధైర్యం శాస్త్రవేత్తల సొత్తనీ, కనుక ఆ రెండో సొత్తులో కొంత ప్రజలకు పంచిపెట్టాలనీ, ఆ పంపకం కూడా భోజనాల వేళకి ముందే ముగించాలనీ పైవారు తీర్మానించారు! అందుకు పొదిలి దాపున ఉన్న తూర్పుపాలేన్ని ఎంపిక చేశారు.

బడి ఆవరణలో షామియానా వేశారు. పక్క కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. పరిశోధకులు డాక్టర్ చైతన్యకృష్ణగారు మైకు పుచ్చుకుని ముందు తెగ తుమ్మారు. జనం చప్పట్లు కొట్టారు. ప్రసంగం ఆ తర్వాత మొదలైంది.

"ఇది పాతకాలపు అణు రియాక్టర్ కాదండీ. కొత్త రకం, చాలా చిన్నది! ఎక్కడ పెట్టినా ఇబ్బంది ఉండదు. కరెంటు పోయినా దానంతటదే చల్లబడుతుంది."

"కరెంటు తయారుచేసేదానికే కరెంటు పోతుందా అండీ?" అన్నాడు అంకమ్మరావనే రైతు.

"అది సాంకేతిక విషయం" అన్నారు డాక్టరుగారు. అంకమ్మరావు భయం అక్కడితో తీరిపోయినట్టే లెక్క!

రెండేళ్ల మహతిని చంకనేసుకుని వెనకాల నిలబడిన లక్ష్మీదుర్గ భయం మాత్రం తీరలేదు. తొమ్మిదిలో చదువు మాన్పించారు కనుక ఇలాంటి చోట ఆమె నోరు విప్పదు. కానీ రియాక్టర్ పెడతామన్న పొలం అంగన్‌వాడీకి కూతవేటు దూరం. పిల్లని అందులో వేయాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. పిల్ల దగ్గితేనే గుండె జారిపోయే మనిషి, తెగించి అడిగేసింది.

"సార్, మా పిల్లలకేం కాదు గదండీ?"

"ఏం కాదమ్మా! మా పెరట్లోనైనా పెట్టుకుంటాను."

"అయితే మీ పిల్లల్ని కూడా ఈ ఊళ్లోనే ఉంచుతారా అండీ?"

డాక్టరుగారు వెంట తెచ్చుకున్న నీళ్ల సీసాలోంచి రెండు గుక్కలు తాగారు. "మాకు ఒంగోల్లో క్వార్టర్స్ ఇస్తున్నారమ్మా. పిల్లల చదువు కోసం..."

అంతే! సర్పంచి గురునాథం దిగ్గున లేచాడు. "విన్నారా! వాళ్ల పిల్లలు ఒంగోల్లో, మన పిల్లలు ఇక్కడా? నా శవాన్ని దాటుకునే ఆ రియాక్టర్ ఊళ్లోకి రావాలి!"

"వద్దు! వద్దు!" అని ఊరంతా అరిచింది. దుర్గ ప్రాణం కుదుటపడింది. మహతి చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది.

డాక్టరుగారు ఏమాత్రం నొచ్చుకోలేదు. "ప్రజాభిప్రాయాన్ని గౌరవిస్తామండీ. పక్కనున్న పడమటిపాలేనికి ఇచ్చేస్తాం. దాంతోపాటు వచ్చే రోడ్డూ, ఆసుపత్రీ వాళ్లకే."



"ఎవరికి? పడమటిపాలేనికా?" గురునాథం మైకు లాక్కున్నాడు. "మొన్న తిరునాళ్లలో మన ప్రభ కంటే మూరెడు ఎత్తు ప్రభ కట్టి, మన ముందే మీసం తిప్పినోళ్లకా? ఒరేయ్, చిన్నదేగదరా! చిన్నదానికి భయపడే జాతా మనది? మాకే కావాలి!"

"మాకే కావాలి!" అన్నాయి అవే గొంతులు, ఇంకాస్త గట్టిగా.

"బాబాయ్, పిల్లలు..." అంది దుర్గ.

"ఊరి పరువు పోతుంటే పిల్లలంటావేంటమ్మాయ్!"

పరువు నిలబడింది. వేసవి దాటాక శంకుస్థాపన కూడా జరిగింది. ఆ మర్నాడే సర్పంచి ఇంటి ముందు మినీ లారీ ఆగింది. మంచాలు, ఫ్రిజ్జు, పరుపులు, పరుపుల మీద మనవలు ఎక్కారు. డ్రైవర్ పక్కన గురునాథం కూర్చున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?" అంది దుర్గ పరుగున వచ్చి.

"ఒంగోలమ్మా. డాక్టరుగారి క్వార్టర్స్ ఎదురుగానే ఇల్లు దొరికింది. పిల్లల చదువు కోసం..." అని గొంతు సవరించుకున్నాడు. "మీరంతా ధైర్యంగా ఉండండి. ఊళ్లో నేనున్నాగా!"

లారీ స్టార్టయింది. దుర్గ గబగబా మహతిని ఎత్తి మనవల మధ్య కూర్చోబెట్టింది. కుచ్చెళ్లు ఎగదోపుకుని తనూ ఎక్కింది.

"ఏయ్, ఏంటమ్మాయ్ ఇది! పిల్లనెక్కడ పెడతావు? చోటేదీ?" అని కిటికీలోంచి కేకపెట్టాడు గురునాథం.

"చిన్నదేగా బాబాయ్! ఎక్కడ పెట్టినా ఇబ్బంది ఉండదు."