రాని దొంగకు ఐదు ఫోన్లు

పటమటలో దానమ్మ గారి వరండాలోంచి ఇత్తడి గంట పోయిన రోజే, సోహైల్ కొత్త వ్యాపారం విజిటింగ్ కార్డులు అచ్చయి వచ్చాయి. "ఇళ్లకు దొంగల అలారములు బిగించబడును" అని వాటిమీద నీలం అక్షరాల్లో ఉంది. వెనక వీధిలో దొంగతనం జరిగిందన్న కబురు చెవినపడగానే అతను కార్డుల కట్ట విప్పాడు. అది చూసి తల్లి దిల్షాద్ బేగం, "ఎవరింట్లోనో వస్తువు పోతే నీ మొహంలో ఆ వెలుగేంట్రా?" అంది. సోహైల్ వెలుగు కాస్త తగ్గించుకుని, కార్డులు జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

పోయింది విలువైన వస్తువేమీ కాదు. దానమ్మ గారి భర్త ఇమ్మానుయేలు మాస్టారు పనిచేసిన బడిలో కరెంటు గంట పెట్టాక, పాత చేతిగంటను ఆయన రిటైరైన రోజున ఆయనకే ఇచ్చి పంపారు. ఆయనున్నంత కాలం సాయంత్రం ట్యూషను పిల్లలకు అదే గంట. ఆయన పోయాక అది వరండా కిటికీలో ఊరికే ఉంది. ఊరికే ఉన్నదాన్ని కూడా ఎత్తుకుపోతారని దానమ్మ గారు అనుకోలేదు.

దొంగల్ని అందరికంటే గట్టిగా తిట్టింది ఎదురింటి తిరుపతిరావు గారు. ఆయన మాస్టారికి స్నేహితుడు. దానమ్మ గారిని స్కూటరు మీద పోలీసు స్టేషనుకు తీసుకెళ్లి, సాక్షి సంతకం పెట్టిందీ ఆయనే. సోహైల్ గుమ్మంలో కనబడగానే, "మంచి వేళకొచ్చావయ్యా! అలారం పెట్టించాల్సిందే చెల్లెమ్మా. ఈ రోజుల్లో ఎదురింటివాణ్ణి కూడా నమ్మటానికి లేదు" అన్నదీ ఆయనే.

"నాకు గొప్ప గొప్పవి వద్దు బాబూ. నమ్మకమైనది పెట్టు, చాలు" అంది దానమ్మ గారు. "బాగుంటే మా చర్చివాళ్లందరికీ నేనే చెప్తాను. బాగోకపోతే అదీ నేనే చెప్తాను."

ఆవిడ సండే స్కూలు టీచరు. అబద్ధమాడదని పటమటంతా ఎరుగుదురు. సోహైల్‌కి లెక్క అర్థమైంది. మొదటి బేరం ఇది. ఇక్కడ మంచి పేరొస్తే వ్యాపారం నిలబడుతుంది, చెడ్డపేరొస్తే ఆ కార్డులు అగరొత్తులు గుచ్చుకోవడానికి కూడా పనికిరావు.

సలహాకని కరెంటు సామాన్ల కొట్టు నడిపే మేనమామ అలీ దగ్గరికి వెళ్లాడు. "అట్టపెట్టె మీద రాసింది చూసి కొనకు" అన్నాడు అలీ. "రెండు మూడు రకాలు తెచ్చి ముందు నీ ఇంట్లో పెట్టు. నీ ఇంట్లో నువ్వు భరించలేనిదాన్ని ఇంకొకళ్ల గోడకి బిగించకు." మంచి మాటే. కానీ మంచి మాటను అక్షరాలా పాటించినా ఒక్కోసారి దెబ్బ తప్పదు.

సోహైల్ మూడు రకాలు తెచ్చి హాల్లో వరుసగా పెట్టాడు. బ్యాటరీతో నడిచే మొదటిది బల్లి పాకినా కేకలేసింది. రెండోదీ బ్యాటరీదే. దాని ముందు సోహైల్ ముసుగేసుకుని తిరిగాడు, బీరువా తాళం కదిలించాడు, ఆఖరికి చేతులూపి పలకరించాడు. అది పలకలేదు. గోడ ప్లగ్గులో పెట్టే మూడోది మాత్రం పగలంతా నోరెత్తేది కాదు. సాయంత్రం అతను ఇంటికొచ్చి దొంగలా నడిస్తే వెంటనే మోగేది. వారం రోజులు అదే వరస. మోగాల్సినప్పుడు మోగి, మోగకూడనప్పుడు మూసుకుని ఉండటం మనుషుల్లోనే అరుదు కదా అని సోహైల్ మురిసిపోయాడు. మూడోదే ఖాయం చేశాడు.

బిగించే రోజు పొద్దున్నే దానమ్మ గారు స్టూలు పట్టుకుని నిలబడింది. "సైరను వద్దు బాబూ. పక్కింటి సీతారావమ్మ గారి అమ్మాయికి పరీక్షలు. చప్పుడు లేకుండా కుదరదా?"

"కుదురుద్దండీ. ఇందులో సిమ్ముంది. ఎవరన్నా లోపలికొస్తే మీరు చెప్పిన ఐదుగురికీ వరసగా ఫోన్లెళ్తాయి. మీ గొంతుతోనే మెసేజీ వినపడుద్ది. చెప్పండి, 'మా ఇంట్లో దొంగలు పడ్డారు, కాపాడండి' అని."

"దొంగలు ఎక్కడ పడ్డారు?"

"ఇప్పుడు కాదండీ. పడితే."

"పడితే అప్పుడు చెప్తాను. రాని దొంగని వచ్చాడని ఇప్పుడెలా చెప్పమంటావు?"

సోహైల్ బతిమాలాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, అబద్ధం ఎక్కడా తగలకుండా చూసుకుని, నిదానంగా చెప్పింది: "నేను దానమ్మను. దయచేసి ఒకసారి ఇంటికి రండి."

పాస్టరు జాన్‌బాబు గారు, పక్కింటి సీతారావమ్మ గారు, ఎదురింటి తిరుపతిరావు గారు, కృష్ణలంకలో ఉండే ఆడపడుచు దీవెన, ఐదో నంబరుగా సోహైల్. అన్నీ ఎక్కించి అలారం ఆన్ చేశాడు. దానమ్మ గారు సెల్లు ఇంట్లోనే పెట్టి, తాళం వేసి, సంచీ పట్టుకుని రైతు బజారుకు, అక్కణ్ణుంచి కళ్లజోడు దుకాణానికి బయలుదేరింది. సోహైల్ ఇంటికి వెళ్లాడు. ఆపడం మరిచిపోయిన ఫ్యాను గాలికి, అలారానికి ఎదురుగా ఉన్న గోడ కేలండరు మెల్లగా ఊగింది.

మొదటి ఫోను పాస్టరు గారికి వెళ్లింది. మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెడదామని ఆయన ఎన్నిసార్లడిగినా దానమ్మ గారు "తర్వాత చూద్దామండీ" అని దాటవేస్తూ వచ్చింది. ఇప్పుడు తనంతట తానే రమ్మంటోంది. ఆయన కళ్లు తుడుచుకుని, "దానమ్మ గారింట్లో కూడిక, వెంటనే రండి" అని చర్చి గ్రూపులో పెట్టాడు. ఫోనందుకున్న సీతారావమ్మ గారు బయటికొచ్చి చూస్తే పాస్టరు గారు, వెనక పదిమంది, ఇంటికి తాళం. ఎండలో నిలబెట్టడం బాగుండదని ఆవిడ టెంటు హౌసుకు ఫోను చేసి కుర్చీలు తెప్పించింది. కుర్చీలు తెచ్చినవాళ్లు అలవాటుకొద్దీ షామియానా కూడా కట్టేశారు.

దీవెన పరిస్థితి వేరు. "ఏంటొదినా, ఏమైంది?" అంటే అదే మాట. "ఒంట్లో బాగోలేదా?" అంటే మళ్లీ అదే గొంతు, అదే మాట. తిరిగి వదిన సెల్లుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆటోలో వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా, కుర్చీలు, బైబిలుతో పాస్టరు గారు. ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు. "నన్నొదిలేసి ఎళ్లిపోయావా వదినా!" అని ఆటోలోంచే మొదలెట్టింది. ఆ ఏడుపు విని దారినపోయేవాళ్లు బళ్లు ఆపారు. ఒకాయన వెళ్లి దండ కూడా తెచ్చాడు.

సోహైల్ అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. కొత్త నంబరు నుంచి ఫోను. "నేను దానమ్మను. దయచేసి ఒకసారి ఇంటికి రండి."

"వస్తన్నానండీ! అన్నం తినేసి..."

"నేను దానమ్మను. దయచేసి ఒకసారి ఇంటికి రండి."

తన మిషనే తనను పిలుస్తోందని అతనికి తట్టలేదు. "చూశావా అమ్మీ, ఎంత మర్యాదగా పిలుస్తందో! ఎవరికో అలారం కావాలేమో" అని ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డుల కట్ట తీసుకుని బండెక్కాడు. షామియానా చూసి బండి అక్కడే ఆపేశాడు. మొదటి బేరం పోయింది. బేరం పెట్టిన మనిషే పోయింది. తన అలారం ఉండగానే పోయింది.

సరిగ్గా అప్పుడే దానమ్మ గారు గోంగూర కట్టలతో నడిచొచ్చి, గుంపు వెనక ఆగింది. "ఎవరు పోయారు బాబూ?" అని దండ పట్టుకున్నాయన్ను అడిగింది.

"ఈ ఇంటావిడేనంటండీ. దానమ్మ గారని."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "నాకెవరూ చెప్పలేదే" అంది.

దీవెన వెనక్కి తిరిగి చూసి, ఏడుపు ఆపకుండానే వదినను వాటేసుకుంది. సోహైల్ జేబులో ఫోను మోగింది. ఎదురుగా దానమ్మ గారు నోరు మూసుకుని నిలబడి ఉంది. ఫోనులో దానమ్మ గారు దయచేసి ఒకసారి ఇంటికి రమ్మంటోంది. గుంపులో ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు మోగాయి. సోహైల్‌కి అంతా అర్థమైంది. అర్థమయ్యాక చేతిలోని కార్డులు మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

ఇంతలో ఎదురింటి గేటు తీసుకుని తిరుపతిరావు గారు వచ్చాడు. చంకలో తువ్వాల్లో చుట్టిన మూట.

"నాకు తెలుసు చెల్లెమ్మా" అన్నాడు తలొంచుకుని. "అరవకుండా, తిట్టకుండా 'ఒకసారి ఇంటికి రండి' అన్నావు చూడు, అప్పుడే అర్థమైపోయింది నీకు తెలిసిపోయిందని. ఏడాది నాటికి మెరిపించి పెడదామని మెరుగు పెట్టించడానికి తీసుకెళ్లా. చెప్దామనుకునేలోపు నువ్వు దొంగతనం అన్నావు, పదిమంది చేరారు, పోలీసులన్నారు. ఇంక నోరు పెగల్లా."

"సాక్షి సంతకం కూడా పెట్టారు కదన్నయ్యా!"

"పెట్టా. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కదమ్మా."

మూట విప్పితే గంట కొత్తదానిలా మెరిసింది. దానమ్మ గారు దాన్ని కొంగుతో ఓసారి తుడిచింది, తుడవాల్సిందేమీ లేకపోయినా. అలారం దొంగను పట్టుకోలేదు గానీ, ఫోను చేసి పిలిపించింది.

"ఇంతమందీ వచ్చారు కదమ్మా..." అన్నాడు పాస్టరు గారు మెల్లగా. ఆవిడ తాళం తీసింది. షామియానా కింద ప్రార్థన జరిగింది. ఏడాదిగా ఆవిడ ముందు ఎవరూ ఎత్తని మాస్టారి కబుర్లు ఆ మధ్యాహ్నం ఒక్కొక్కరే ఎత్తారు. దండ తెచ్చినాయన దాన్ని మాస్టారి ఫొటోకి వేసి, మాస్టారెవరో కనుక్కుని, కాఫీ తాగి వెళ్లాడు.

సాయంత్రం ఇల్లు చేరిన సోహైల్, "వారం రోజులు మనింట్లో పగలు ఒక్కసారి కూడా తప్పు మోగలేదు కదమ్మీ!" అని వాపోయాడు.

"ఎట్టా మోగుద్ది?" అంది దిల్షాద్ బేగం. "నువ్వెళ్లగానే స్విచ్చి కట్టేసేదాన్ని. చూసేవాళ్లు లేకుండా కరెంటు దండగ కదా. నీ బండి చప్పుడు వినగానే వేసేదాన్ని."

మర్నాడు సోహైల్ వెళ్లి జరిగింది చెప్పి, అలారం ఊడదీస్తానన్నాడు. "కేలండరు నేను తీసేశాలే. దాన్నుండనివ్వు" అంది దానమ్మ గారు. చర్చిలో ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది: దొంగల సంగతి తనకు తెలియదనీ, పిలిస్తే మాత్రం అందరూ వచ్చారనీ. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు నలుగురు అదే రకం కావాలన్నారు. సోహైల్ ఇప్పుడు ఇంట్లో స్విచ్చులకు టేపు అంటించి, మళ్లీ మొదటినుంచి పరీక్షలు పెడుతున్నాడు.

మెసేజీ మార్చడానికి ఎప్పుడు రమ్మంటారని అతను అడిగినప్పుడల్లా దానమ్మ గారు తర్వాత చూద్దామంటుంది. అది ఇంకా మార్చలేదు.