ఆరో నంబరు గదిలో బుధవారం

పాలలంక మండలంలో 1997 మార్చి 12, బుధవారం నాడు మూతపడిన పాత రెవెన్యూ ఆఫీసుని, కొత్త ఆఫీసులోని ఆరో నంబరు గదిలో రోజూ ఉదయం పదిన్నరకి ఆన్ చేసి సాయంత్రం ఐదింటికి ఆపేస్తున్నారు. పాత ఆఫీసుకి నకలేమీ తియ్యలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే, పెంకులు, బల్లలు, ఐదుగురు ఉద్యోగులతో సహా, ఆ గదిలో నడిపిస్తున్నారు. ఇందులో వింతేమీ లేదు. అవసరం అలాంటిది.

అవసరం ఏమిటంటే గొలుసుకట్టు రాత. ఆ రోజుల్లో భూమి రికార్డులన్నీ కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం తగిలించి రాసేవారు. వాటిని ఫొటోలు తీసి కంప్యూటర్లలోకి ఎక్కించారు గానీ, చదవమంటే కంప్యూటరు నోరు వెళ్ళబెట్టింది. కొత్త ఉద్యోగులూ అంతే. రైతులు చెప్పులరిగేలా తిరిగారు. చివరికి తహసీల్దారు కుసుమకుమారి గారికి తోచింది, రాసినవాళ్ళనే అడిగితే పోలా అని.

మొదటిరోజు పాత ఆఫీసు లేవనని మొరాయించింది. లోపలి ఉద్యోగులు తలెత్తి చూసి, ఫ్యాను మారింది, కిటికీ మారింది, అంటే మాకు బదిలీ అయినట్టే, ఉత్తర్వులు చూపిస్తే గానీ సంతకం పెట్టం అని భీష్మించుక్కూర్చున్నారు. "ఇది పాత భవనమే, మీరు చూస్తున్నది పాత ఫ్యానే" అని 1997 తేదీ వేసి ఒక మెమో పంపాక కుదుటపడ్డారు. కళ్ళెదుట ఉన్నది అబద్ధమైనా ఫరవాలేదు, కాగితం మీద ఉంటే చాలు. ఆనాటి నుంచి రోజూ ఉదయం ఆన్ చెయ్యగానే ఆ మెమో చూపిస్తే చాలు, గది నిక్షేపంలా నడుస్తోంది.

నియమం ఒక్కటే. ఒకే మనిషి ఒకేసారి రెండు చోట్ల నడవకూడదు, నడిస్తే రికార్డు పాడవుతుంది. ఐదుగురిలో నలుగురు కాలం చేశారు కాబట్టి వాళ్ళతో పేచీ లేదు, వాళ్ళు ఇంకెక్కడా పనిచెయ్యడం లేదు. మిగిలింది సీనియర్ అసిస్టెంటు కృపాదానం గారు. ఆయన రిటైరై చర్చి వీధిలో భార్య సువార్తమ్మతో ఉంటున్నారు. మరపు జబ్బు పట్టుకుని కొన్నేళ్ళయింది. భార్యని చూసి "ఎవరమ్మా మీరు, ఏం పని మీద వచ్చారు?" అని అడుగుతారు. మర్యాదస్తుడు కాబట్టి కుర్చీ కూడా చూపిస్తారు.

రోజూ పది ఇరవైకి ఆఫీసు నుంచి కంప్యూటర్ ఆపరేటరు బుల్లిరాజు ఫోన్ చేస్తాడు. "అమ్మగారూ, ఇక ఆపెయ్యండి." సువార్తమ్మ ఆయన్ని నవారు మంచం మీద పడుకోబెట్టి, నుదుటి మీద చెయ్యి వేస్తుంది. ఆయన ఆగిపోతారు. "వాడుకలో ఉన్నారు, లేపరాదు" అని ఆఫీసు ముద్ర ఉన్న అట్టముక్కని తలగడ పక్కన నిలబెడుతుంది.

ఒక్కసారే తేడా వచ్చింది. పక్కింటావిడ మిక్సీ కోసం వచ్చి, అట్టముక్క చూసుకోకుండా, పలకరిద్దామని ఆయన్ని లేపేసింది. రెండు నిమిషాల పాటు ఆయన రెండు చోట్లా నడిచారు. ఇంట్లో ఆయన దాహమేస్తోందంటూ, సర్వే నంబరు నూట పద్దెనిమిది బై రెండు తెచ్చిపెట్టమన్నారు. ఆఫీసులో ఒక రైతుకిచ్చిన కాగితంలో, సర్వే నంబరు ఉండాల్సిన చోట "మంచినీళ్ళు" అని రాసేశారు. సంతకం, ముద్ర సక్రమంగా ఉన్నాయి కాబట్టి ఆ రైతు ఏమీ అనలేక, కాలవగట్టు మీద తన పొలం వెతుక్కుంటున్నాడు.

ఆయన్ని ఆపాక సువార్తమ్మ కారేజీ సర్దుకుని ఆఫీసుకి వెళ్తుంది. దరఖాస్తు లేనిదే ఆరో గదిలోకి పోనివ్వరు. అందుకని రోజూ ఒక దరఖాస్తు రాసుకెళ్తుంది. లోపల బల్ల అవతల నలభై రెండేళ్ళ కృపాదానం గారు నల్లటి జుట్టుతో, చెవిలో పెన్సిలుతో కూర్చుని, గొలుసుకట్టు రాతని పద్యం చదివినట్టు గడగడా చదివేస్తుంటారు.

"రండమ్మా, ఏం పని మీద వచ్చారు?"

"పేరు ధ్రువపత్రం కోసమండి."

కాగితం చూడగానే ఆయన మొహం విప్పారుతుంది. "సువార్తమ్మా! మా ఆవిడ పేరేనండోయ్. పోలికలు కూడా ఉన్నాయి. కొంపదీసి మా అత్తగారి వైపు చుట్టాలా?"

"ఆయ్, దగ్గర చుట్టాలమేనండి."

"అదీ సంగతి! అయితే మా సువార్తకి మీ అంత శాంతం లేదు లెండి, ముక్కు మీదే కోపం. ఇవాళ గోంగూర వండి పంపిస్తానంది. చూడాలి."

సువార్తమ్మ కారేజీ బల్ల మీద పెడుతుంది. "ఆవిడే పంపిందండి." ఆయన మూత తీసి చూస్తారు. గోంగూరే. "మాటంటే మాటేనండి మా మనిషి!" అని పక్క బల్లవాళ్ళకి కూడా చూపిస్తారు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని దరఖాస్తులోకి దిగుతారు. "భర్త పేరు గడి ఖాళీగా వదిలేశారేంటమ్మా? ఇది లేకపోతే కుదరదు. నింపుకుని రేపు రండి."

ఆ గడిలో ఏమీ రాయకూడదని ఆఫీసువాళ్ళే ఆవిడకి చెప్పారు. లోపలి ఆఫీసుకి బయటి సంగతి తెలిస్తే పని కుంటుపడుతుంది. సువార్తమ్మకి ఇబ్బందేమీ లేదు. ఆవిడ ఆ గదికి, మెమోకి, బుల్లిరాజుకి కూడా రోజూ ప్రార్థనలో స్తోత్రాలు చెల్లిస్తోంది. తన పేరు చదవగానే ఆయన మొహం అలా వెలగడం చూసి ఎన్నేళ్ళయింది!

మూడు నెలలయ్యాక కుసుమకుమారి గారు ఆవిడ్ని పిలిచి కూర్చోబెట్టారు. ఆవిడ ముందు ఒక ఫారం పెట్టారు.

"అమ్మా, ఇన్నాళ్ళూ సాయంత్రం ఆపగానే ఆ రోజు లోపల జరిగిందంతా చెరిగిపోతోంది. మర్నాడు మళ్ళీ అదే బుధవారం. ఇకమీదట కావాలంటే జరిగింది దాచొచ్చు. కుటుంబసభ్యుల సంతకం కావాలి."

"దాస్తే నన్ను గుర్తుపడతారాండి?"

"రోజూ వెళ్తారుగా. వారంలో మొహం పరిచయమవుతుంది. కొన్నాళ్ళకి మీరెవరో పోల్చుకున్నా పోల్చుకుంటారు."

సువార్తమ్మ కలం చేతిలోకి తీసేసుకుంది. ఇన్నేళ్ళుగా ఆవిడ కోరుకుంటున్నది అదొక్కటే. మళ్ళీ ఎందుకో ఆగి అడిగింది. "తర్వాతేటవుద్దండి?"

"తర్వాత గురువారం వస్తుంది, శుక్రవారం వస్తుంది. లోపల కూడా రోజులు నడుస్తాయి కదమ్మా. ఆయనకి మరపు ఎప్పుడు మొదలైంది?"

"రెండువేల పంతొమ్మిదిలోనండి."

"ఎన్నాళ్ళకైనా అది కూడా వస్తుంది."

సువార్తమ్మ కారేజీ పిడి పట్టుకుంది. "ఒకసారి చూశానండి అది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కొంచెం కొంచెంగా పోయారు. ముందు నా పేరు, తర్వాత నేను. రెండోసారి నా వల్ల కాదు తల్లీ." దాచనక్కరలేదు అన్నచోట టిక్కు పెట్టి, సంతకం చేసి, కుసుమకుమారి గారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఫారం రెండు కాపీల్లో ఫైలయింది.

ఈ సంగతి ఊళ్ళో పొక్కాక, మాక్కూడా మా ఆయన పాత రోజు ఒకటి ఆన్ చేసి పెట్టమని ఇరవైమంది ఆడవాళ్ళు ఆఫీసు ముందు బారులు తీరారు. వాళ్ళలో చాలామంది భర్తలు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. పగలంతా ఆఫీసులో నడిచి, ఇంటికి రాగానే మంచం మీద ఆగిపోతున్నవారికి ఈ సదుపాయం ఇదివరకే అమల్లో ఉన్నట్టు లెక్క కాబట్టి, కొత్తగా మంజూరు చెయ్యడం కుదరదని వాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేశారు. వాళ్ళు ఆ కాగితాలు తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

సంతకం పెట్టిన రోజు సాయంత్రం ఐదింటికి బుల్లిరాజు ఫోన్ చేశాడు. సువార్తమ్మ అట్టముక్క తీసేసి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. కృపాదానం గారు కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, ఆవిడకి కుర్చీ చూపించారు.

"ఎవరమ్మా మీరు? ఏం పని మీద వచ్చారు?"

"ధ్రువపత్రం కోసమండి. భర్త పేరు గడి ఖాళీగా ఉందని రేపు రమ్మన్నారు."

ఆయనకి జాలేసింది. "బెంగపెట్టుకోకండి. రమ్మన్నారంటే పనవుతుందమ్మా. చెయ్యనివాడు అసలు రమ్మనే అనడు."

"ఆయ్," అంది సువార్తమ్మ, "దేవుడికి స్తోత్రం." ఆ కుర్చీలోనే కూర్చుని, గోంగూర కట్ట విప్పి, రేపటికి ఆకు గిల్లడం మొదలుపెట్టింది.