మెత్తని కిక్కు

వీధివాళ్లు అతనికి దుమ్ముదొర అని పేరు పెట్టింది ఊరికే కాదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, నడుముకు పట్టీ, మెట్లెక్కితే ఆయాసం. అలాంటి మనిషి మట్టిగుట్టల మీద ఎగిరే డర్ట్ బైకును సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు.

"ఇంజిను బాగుందా?" అడిగింది ఇల్లాలు, పొగకు ముక్కు మూసుకుని.

"వెన్నపూస! కిక్కు ఎంత మెత్తగా దిగుతుందో! అది చూసే మనసు పారేసుకున్నా."

ఆవిడ మెకానిక్కు కూతురు. కిక్కు సంగతి విని ఒక్క క్షణం అతని వంక జాలిగా చూసింది.

"ఆదివారం నాన్న వస్తారు. ఇంజిను విప్పక్కర్లేదంటే బండి ఉంటుంది. విప్పాలంటే అమ్మినాయన ఇంటికే పోతుంది."

బండి గుట్టు దొరకు తెలుసు. బండి నీళ్లు తాగినట్టు ఆయిలు తాగుతోంది. పొద్దున్నే ఎంత బతిమాలినా కదలదు. ఒకసారి వేడెక్కితే మాత్రం చెప్పినట్టు వింటుంది. అక్కడే అతనికి ఉపాయం తట్టింది.

ఆదివారం మామగారు రాకముందే పెరట్లో బండిని వేడెక్కించాడు. మరీ కాలిపోతుంటే దొరికిపోతానని, చేతికందిన తువ్వాలు తడిపి ఇంజిను మీద కప్పాడు. అది బుస్సుమని, సైలెన్సరుకు అతుక్కుని, మాడు వాసన కొట్టింది. సరిగ్గా అప్పుడే మామగారు దిగారు.

"అల్లుడుగారూ, బండికి జ్వరమా? తడిగుడ్డ వేశారు?"

"అది మీకోసం తీసిన తువ్వాలు నాన్నా," అంది ఇల్లాలు. "రండి, ముందు కాఫీ తాగుదురుగాని. తొందరేముంది, చల్లారాకే చూడొచ్చు."

కాఫీ అయింది. చుట్టాలందరి క్షేమాలూ అయ్యాయి. దొర కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. ఇంజిను చల్లగా చల్లారింది.

తర్వాత ఎన్ని తన్నులు తన్నినా బండి ఉలకలేదు, పలకలేదు. దొర చెమటలు తుడుచుకుని చివరి అస్త్రం తీశాడు.

"స్టార్టు సంగతి వదిలేయండి మామగారూ. ఆ కిక్కు చూడండి, ఎంత మెత్తగా ఉందో!"

ఇల్లాలు ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, రెండో చేత్తో కిక్కు రాడ్డు నొక్కింది. అది కిందికంటా దిగిపోయింది.

"చేత్తో నొక్కితేనే దిగిందంటే లోపల బిగువు పోయినట్టే అల్లుడుగారూ," అన్నారు మామగారు ఎంతో మర్యాదగా. "పిస్టన్ రింగులు అరిగాయి. విప్పాల్సిందే."

"మీరు కొన్నప్పుడు ఇంజిను వేడిగా ఉందా?" అడిగింది ఇల్లాలు.

"ఉంది. ఇప్పుడే తిప్పుకొచ్చానన్నాడు పాపం..." దొర చూపు మాడిన తువ్వాలు మీద పడింది.

"అమ్మినాయన మీకు చేసిందే మీరు మా నాన్నకు చేశారు. కాకపోతే ఆయన తువ్వాలు మాడ్చలేదు."

దొరకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క సరదా గేటు దాటిపోతోంది మరి. ఆ మొహం చూసి ఆవిడ మెత్తబడింది.

"సరే, విప్పండి నాన్నా. పాపం, ఉండనిద్దాం."

కొత్త రింగులు పడ్డాయి. ఇంజిను కళకళలాడుతోంది, పొగ లేదు. కిక్కు మాత్రం ఇప్పుడు బండరాయి. దొర బలమంతా పెట్టి తొక్కితే రాడ్డు కదల్లేదు, నడుము కదిలింది. ఇల్లాలు ఎక్కి నిలబడి ఒక్క తన్ను తంతే భడభడమని లేచింది.

అప్పట్నుంచి దొర సెలవురోజుల్లో హెల్మెట్ పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడతాడు.

"ఏమోయ్, ఒక్క కిక్కు కొట్టి పెడతావా?"

"ఆ గిన్నెలు తోమడం అయ్యాక చూద్దాం," అంటుందావిడ.

హెల్మెట్ తీస్తే ఆలస్యమవుతుందని, అది నెత్తిన పెట్టుకునే తోముతాడు.