ఎదుటి పక్షానికి ఉచిత శిక్షణ

ఉద్యోగంలో చేరే మొదటిరోజు ఉదయం రూలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లల్ని బడికి పంపడం, ఆఫీసుకు అందరికన్నా ముందు చేరడం, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట పడకుండా ఇల్లు చేరడం. రూలమ్మ అనేది పిల్లలు పెట్టిన పేరు. తెల్లబట్టల్లో ఒక్క రంగు రుమాలు కనిపిస్తే ఇంటిల్లిపాదినీ నిలబెట్టి విచారణ జరిపే మనిషి కాబట్టి పెద్దవాళ్ళు కూడా చాటున అదే పేరు వాడుకునేవారు.

నలభై దగ్గరపడ్డాక ఆమె సాయంత్రం క్లాసులకు వెళ్ళి పారాలీగల్ కోర్సు పూర్తిచేసింది. అంటే లాయరు కాదు. లాయరు వెనక ఉండి ఫైళ్ళు సర్ది, క్లయింట్లను కోర్టులో సాక్ష్యానికి తయారుచేసే మనిషి. ఈ తేడా అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. మా కోడలు కోర్టులో చేరిందని ఆవిడ బంధువులందరికీ ఫోన్లు చేసేసింది. "వారం రోజులు చూస్తానమ్మా, నచ్చితే ఉంచుకుంటా" అని తనను పనిలోకి తీసుకున్న లాయరమ్మ అన్న మాట మాత్రం రూలమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏడాది పొడుగునా సాయంత్రాలు వంటిల్లు అత్తగారికి, పిల్లల చదువులు భర్తకు అప్పజెప్పి చదివిన చదువు. వారానికే తిరిగొస్తే ఆ ఇద్దరి ముందు తలెత్తుకోవడం ఎలాగా అన్న దిగులు ఆమెను లోలోపల తినేస్తోంది.

"వెళ్ళొస్తాను అత్తయ్యా."

"వెళ్ళిరా తల్లీ. ఆ జడ్జిగారితో కాస్త మెత్తగా మాట్లాడు."

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. ఇరుకు వరండా, ఎదురెదురుగా రెండు తలుపులు. రంగులు వేస్తున్నారని బోర్డులు పీకి గోడవారన చేర్చారు. లాయరమ్మ నల్లకోటు చేతిమీద వేసుకుని కోర్టుకు బయల్దేరుతూ గుమ్మంలోనే పాఠం చెప్పింది.

"చూడమ్మా, ఇక్కడ రెండే రూల్సు. వరండాలో క్లయింటు పేరు పలక్కూడదు. ఎదురుగా ఉన్నది అవతలి లాయరు ఆఫీసే, చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. రెండోది, ఎదుటి పక్షం వాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడకూడదు. రేపు తాళాల కొట్టు కేసు వాయిదా. మనాయన వస్తారు. మన లొసుగులన్నీ విప్పి చెప్పి తయారుచెయ్యి. లేకపోతే బోనులో నీళ్ళు నముల్తాడు."

కేసు పెద్దదేమీ కాదు. తండ్రి పోయాక ఇద్దరన్నదమ్ములు తాళాల కొట్టును చెక్క అడ్డుగోడతో చెరిసగం చేసుకున్నారు. ఆ గోడను నా వైపు జరిపాడంటే నా వైపు జరిపాడని మూడేళ్ళుగా కొట్టుకుంటున్నారు. రూలమ్మ ఫైలు తీసి, "మనవైపు బలహీనతలు" అని లాయరమ్మ రాసిపెట్టిన కాగితాన్ని కంఠతా పట్టింది. తలెత్తేసరికి వరండాలో ఒక బట్టతలాయన ఏ తలుపు తట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు.

పేరు అడగకూడదు. రూలు. అందుకని తెలివిగా వేరే దారిలో వెళ్ళింది.

"తాళాల కొట్టు కేసేనాండీ?"

"అవునమ్మా."

"రేపే కదా వాయిదా?"

"రేపే."

"లాయరుగారే రమ్మన్నారు కదా?"

"ఆఁ, రమ్మన్నారు. ఎప్పుడూ మా అబ్బాయే వస్తాడు. నేను రావడం ఇదే మొదలు."

ఇన్ని గుర్తులు సరిపోయాక ఇంకా అనుమానించడం మర్యాద కాదనిపించింది. ఈ ప్రశ్నలకు ఆ కేసులో ఏ పక్షం వాళ్ళైనా ఇవే జవాబులు చెబుతారన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేసి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తలుపు మూసింది.

"ఎదుటి పక్షం లాయరు మొదట ఏమడుగుతాడంటే, గోడ ఎవరు జరిపారని."

"వాళ్ళే జరిపారు."

"అలాగే గట్టిగా అనండి. నిజానికి జరిపింది మనమే అనుకోండి."

బట్టతలాయన నోరు తెరిచాడు. "మనమా?"

"అదేనండీ, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు జానెడు జరిపాం కదా. దానికి వాళ్ళ దగ్గర రుజువు లేదు. ఆ మాట మాత్రం పొరపాటున కూడా రానివ్వకండి."

ఆయన ముఖం కందగడ్డయింది. "మా అబ్బాయి పనే అయ్యుంటుంది! నాతో ఒక్క మాట చెప్పలేదు వెధవ" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. క్లయింట్లు సొంత లాయరు దగ్గర కూడా బుకాయిస్తారని క్లాసులో చెప్పారు. రూలమ్మ జాలిపడి ఊరుకుంది. ఆయన కలం అడిగి తీసుకుని చెప్పిందల్లా రాసుకుంటుంటే, మొదటిరోజే ఇంత శ్రద్ధగల క్లయింటు దొరికినందుకు మురిసిపోయింది.

ఇంతలో బయట ఎవరో దగ్గారు. బట్టతలాయన ఉలిక్కిపడ్డాడు.

"ఆ దగ్గు నాకు తెలుసు. వాళ్ళేనమ్మా, ఎదుటి పక్షం!"

రూలమ్మ నడుం బిగించి తలుపు తీసింది. గుమ్మంలో మీసాలాయన ఒకడు చొరవగా లోపలికి అడుగు పెట్టబోయాడు.

"మీతో మాట్లాడకూడదండీ. మీరు ఎదుటి పక్షం."

"నేనా? అమ్మాయ్, నేనెవరో తెలుసా?"

"తెలుసు కాబట్టే మాట్లాడనంటున్నా. రూలంటే రూలే."

మీసాలాయన ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. తన లాయరు ఆఫీసులో, తను ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, తమ్ముడు తీరిగ్గా కూర్చుని రాసుకుంటున్నాడు.

"ఓహో! చివరికి నా లాయర్ని కూడా లాక్కున్నాడా వాడు? అయితే నేను వాడి లాయర్నే పెట్టుకుంటా!"

ఆమెకు తల తిరిగేలోపే ఆయన ఎదురు తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. అక్కడ ఒక గుమాస్తా, ఇంతవరకూ ముఖం చూడని క్లయింటు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆయన కూడా రూల్స్ మనిషే. పేరడగలేదు. కూర్చోబెట్టి, తలుపు మూసి, తమవైపు లొసుగులు వరసగా విప్పడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం లాయరమ్మ తిరిగొచ్చేసరికి బట్టతలాయన సెలవు తీసుకుంటున్నాడు. "మీ అమ్మాయి బంగారం తల్లీ, నా కళ్ళు తెరిపించింది" అని దణ్ణం పెట్టాడు. లాయరమ్మ దణ్ణానికి దణ్ణం పెట్టలేదు.

"మన క్లయింటు అన్నగారమ్మా" అంది మెల్లగా. "ఈయన తమ్ముడు."

పదిమందిలో తిట్టినా రూలమ్మ అంత సిగ్గుపడేది కాదు. తెలియని పని చేసి తప్పుచేస్తే సరిపెట్టుకోవచ్చు. ఆమె చెప్పిన పనిని చెప్పినట్టే, పొల్లుపోకుండా, చిరునవ్వుతో చేసింది. సొంత క్లయింటును గుమ్మంలోంచి గెంటి, ఆయన గుట్టంతా శత్రువుకు కూర్చోబెట్టి నేర్పింది. ఏడుద్దామన్నా ముఖం చెల్లలేదు.

అదే సమయానికి ఎదురు తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఒరేయ్! నీ కొడుకు గోడని నా వైపు జానెడు జరిపాడటరా!" అని మీసాలాయన అరిచాడు.

"వాడు జరిపితే జరిపాడు! ఇందులో రాసుకున్నది నీ గుట్టేనన్నమాట, నువ్వు మాత్రం నావైపు జానెడు జరపలేదూ!" అని తమ్ముడు చేతిలో కాగితం ఆడించాడు.

"జరిపాను, అయితే?"

ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు. వరండాలో రంగులవాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు. తమ్ముడు గాల్లో ఇటొక జాన, అటొక జాన కొలిచాడు.

"అంటే అన్నయ్యా, ఇప్పుడు గోడ ఎక్కడున్నట్టు?"

"నాన్న పోయాక మనం పెట్టిన చోటే."

అన్నగారు ముందు నవ్వాడు. తర్వాత తమ్ముడు నవ్వాడు. మూడేళ్ళ తర్వాత ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, ఒక్కమాట మీదికి వచ్చారు. అంత చక్కటి ఐకమత్యం రూలమ్మ ఎన్నడూ చూడలేదు. గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకోబోయింది.

"ఆ గోడ సంగతి సరే. మన గుట్టు ఒకరిది ఒకరికి చెప్పేసిన ఈ లాయర్ల సంగతేంటి?" అన్నాడు అన్నగారు.

"ఇద్దరి మీదా కేసు వేద్దాం అన్నయ్యా. ఖర్చు చెరిసగం" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

రూలమ్మ తన సంచీ తీసుకుంది. తలెత్తకుండా, "తప్పంతా నాదేనండీ. మీరు పొమ్మనక ముందే వెళ్ళిపోతాను" అంది.

"ఎక్కడికి వెళ్ళేది? కూర్చో." లాయరమ్మ కుర్చీలో కూలబడి నుదురు రుద్దుకుంది. "ఇప్పుడు నిన్ను తీసేస్తే తప్పు జరిగిందని నేనే కోర్టులో ఒప్పుకున్నట్టు. ఈ కేసు తేలేదాకా నిన్ను పంపడానికి వీల్లేదు. పై కోర్టుకి వెళ్తే అక్కడ తేలేదాకా కూడా."

జానెడు జాగా కేసుకే మూడేళ్ళు పట్టిందని రూలమ్మకు తెలుసు కాబట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి తన ఉద్యోగం పర్మనెంటయిందని చెప్పింది.