గౌరవ పాఠక ప్రతినిధి

పట్టణ గ్రంథాలయాన్ని ఆధునికం చేసే కార్యక్రమం ముగిసేవరకు పుస్తకాలు చదవడం తాత్కాలికంగా నిలిపివేయడమైనదని, పాఠకులు సహకరించగలరని తలుపు మీద ఒక కాగితం అంటించారు. పాఠకులు పూర్తిగా సహకరించారు. నిజానికి వాళ్లు చాలా ఏళ్లుగా సహకరిస్తూనే ఉన్నారు.

గ్రంథాలయానికి జనం రారని కాదు. ఫ్యాను కింద కునుకు తీసేవాళ్లు వస్తారు. పేపర్లో ఉద్యోగాల పేజీ చింపుకుపోయేవాళ్లు వస్తారు. పక్క బ్యాంకులో రద్దీ తగ్గేదాకా కాళ్లు చాపుకునేవాళ్లు వస్తారు. పుస్తకం కావాలని అడిగి సిబ్బందిని ఇబ్బంది పెట్టే మనిషి మాత్రం ఒక్కడే. అతను బజారు మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. చదువు చిన్నప్పుడే ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని ఆ పట్టణంలో చదువుకున్నవాళ్లకు ఇంకా తెలియదు.

దర్జీకి వచ్చిన కష్టం ఏమిటంటే, ఆ కాగితం అంటించడానికి ముందే అతను ఒక అపరాధ పరిశోధన నవల మొదటి భాగం ముగించి తిరిగి ఇచ్చేశాడు. అందులో లోపలినుంచి గడియ వేసిన గదిలో ఒక బట్టల వ్యాపారి చచ్చిపడి ఉంటాడు. ఇంట్లో రెండో భార్య, డాక్టరు, వంటవాడు, అల్లుడు ఉంటారు. చివరి పేజీలో డిటెక్టివు అందరినీ కూర్చోబెట్టి, తలుపు మూసి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అంటాడు. మిగతాది రెండో భాగంలో. ఆ రెండో భాగం అద్దాల బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది.

"కనిపిస్తూనే ఉంది కదయ్యా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు గ్రంథపాలకుడు.

"కనిపిస్తే చాలదండీ. తెరవాలి."

"సాఫ్ట్‌వేర్ ఎంపికయ్యేదాకా పుస్తకం కదలకూడదు. కదిలితే లెక్క మారుతుంది."

"ఒక్కటి కదిలితే ఏం మారుతుందండీ?"

"నీలాగే ఊరంతా అనుకుంటే?"

ఊరంతా అలా అనుకునే ప్రమాదం ఏ కోశానా లేదని ఇద్దరికీ తెలుసు. అయినా జాగ్రత్త జాగ్రత్తే.

దర్జీ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. పక్కన భార్య చొక్కాలకు గుండీలు కుడుతోంది.

"అల్లుడే చంపి ఉంటాడు," అన్నాడు.

"ఎందుకట?"

"పనీ పాటా లేదు. మూడు పూటలా తిని కూర్చుంటాడు."

"ఆ లెక్కన మీ తమ్ముణ్ణి ఎప్పుడో ఉరి తీయాలి."

హంతకుడి ధ్యాసలో పడి బ్యాంకు గుమాస్తా చొక్కాకు రెండూ ఎడమవైపు చేతులే కుట్టాడు. ఆమె కుట్లు విప్పుతూ, "వాళ్లింట్లో ఎవరు ఎవర్ని చంపారో గాని, మనింట్లో మాత్రం ఈ గుమాస్తా చచ్చాడు," అంది.

ఇలా ఉండగా పై కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను ఎంపిక చేసే కమిటీలో పాఠకుడు ఒకడు విధిగా ఉండవలెను. కమిటీలో అప్పటికే అధ్యక్షులవారున్నారు. ఆయన సిమెంటు వ్యాపారి. తన జీవితం గురించి తానే రాసి, తన ఖర్చుతో అచ్చేయించి, ఒక బీరువా నిండా గ్రంథాలయానికి బహూకరించిన దాత. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నారు. ఏ సమావేశంలోనైనా ప్రశాంతంగా నిద్రపోగల నేర్పుండబట్టి ఆయన్ని ఊళ్లోని కమిటీలన్నింటిలోనూ వేస్తారు. పాఠకుడి కోసమే చాలా వెతకాల్సి వచ్చింది. చివరికి గ్రంథపాలకుడు తానే స్వయంగా దర్జీ కొట్టుకు వచ్చాడు.

"టైలరుగారూ, మీరు రావాలండీ," అన్నాడు. నిన్నటిదాకా నోట్లో ఉన్న 'ఏమయ్యా' ఎటు పోయిందో తెలియదు.

"నాకు కంప్యూటర్లు తెలియవండీ."

"మాకు మాత్రం తెలుసా? ఎంపిక ఎంత తొందరగా తేలితే, మీ రెండో భాగం అంత తొందరగా బయటికొస్తుంది. ఆపైన మీ ఇష్టం."

దర్జీ వెంటనే ఒప్పుకున్నాడు. చేతులున్న కుర్చీ, మెడలో వేలాడేసుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. బిళ్ల మీద గౌరవ పాఠక ప్రతినిధి అని ఉంది. మెడలో అప్పటికే కొలతల టేపు ఉంది. రెండూ చిక్కుపడుతున్నాయని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మూడు కంపెనీలు మూడు సాఫ్ట్‌వేర్లు పట్టుకొచ్చాయి. మొదటి కంపెనీ మనిషి కొత్తవాడు, లోకం తెలియనివాడు. తన సరుకు పనిచేస్తే చాలనుకున్నాడు. దర్జీ లేచి, "రెండో భాగం ఎక్కడుందో చెబుతుందాండీ?" అని అడిగాడు. అతను నవల పేరు కొట్టాడు. ఏ బీరువా, ఏ అర అన్నీ తెర మీద కనపడ్డాయి. ఇంకో మీట నొక్కితే పుస్తకం ఇచ్చినట్టేనన్నాడు. దర్జీ కుర్చీలో ముందుకు జరిగాడు. గ్రంథపాలకుడి ముఖం పాలిపోయింది. అన్నీ ఒక్క మీటతో అయిపోతే సిబ్బంది చేయవలసిన పని ఏమిటి? ఇది ఉద్యోగుల సంక్షేమానికి విరుద్ధమని తిరస్కరించారు.

రెండో కంపెనీది ఇంకా తెలివైనది. దానికి పాత రికార్డులు తినిపిస్తే, ఏ పుస్తకాన్ని ఎంతమంది చదివారో, ఏ పుస్తకాన్ని పుట్టినప్పటినుంచి ఎవరూ ముట్టలేదో పైనుంచి కిందికి వరసగా చూపించింది. ముట్టని పుస్తకాల వరసలో అన్నిటికన్నా పైన అధ్యక్షులవారి జీవితం ఉంది. ఆ పేరు అందరూ చదివారు. ఆ తరువాత అధ్యక్షులవారు, "పాఠకుల ఏకాంతంలోకి ఒక యంత్రం తొంగిచూడటం సంస్కారం కాదు," అన్నారు. నైతిక కారణాల వల్ల దాన్నీ తిరస్కరించారు.

మూడో కంపెనీ మనిషి కోటు వేసుకొచ్చాడు. అతని దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు, దాని బొమ్మలున్నాయి. సర్వర్ దారిలో ఉందన్నాడు. బొమ్మల్లో తెల్లటి పళ్లున్న మనుషులు పుస్తకాలు పట్టుకుని నవ్వుతున్నారు.

"మేం పుస్తకాన్ని పుస్తకంలా చూడం. పాఠకుణ్ణి పాఠకుడిలా చూడం," అన్నాడు.

"మేమూ అంతేనండీ," అన్నారు అధ్యక్షులవారు సంతోషంగా.

దర్జీ మళ్లీ లేచాడు. "రెండో భాగం ఎక్కడుందో ఇది చెబుతుందా?"

"చెప్పడమే కాదు సార్, అది మీకెందుకు కావాలో కూడా అడుగుతుంది."

జీవితంలో దర్జీని సార్ అన్న మొదటి మనిషి అతనే. ఆ మాట చెవిలో ఇంకా చల్లగా ఉండగానే అధ్యక్షులవారు, "ఈవేళ తేల్చేస్తే రేపే బీరువా తెరిపిస్తాను. పాఠకలోకం అభిప్రాయం ఏమిటో ప్రతినిధిగారు సెలవివ్వాలి," అన్నారు.

దర్జీకి తెలిసింది కుట్టుపని ఒక్కటే. అదే చెప్పాడు. "ఎదిగే పిల్లాడికి చొక్కా ఒంటికి సరిపోయేలా కుట్టకూడదండీ. రెండేళ్లు పోయాక సరిపోయేలా కుట్టాలి. చేతులు పొడుగైతే మడుచుకుంటాడు."

చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే హెడ్మాస్టరుగారికి మెలకువ వచ్చింది. గ్రంథాలయం కొత్త పుస్తకం కొని చాలా ఏళ్లయింది. ఎదగడం ఆగిపోయిన ఒంటిమీద వదులుగా బట్ట కప్పే సందర్భం ఒక్కటే ఉంటుందని దర్జీకి తెలియకపోదు. కానీ చప్పట్లు మన కోసమే మోగుతున్నప్పుడు అలాంటివి గుర్తుకు రావు. మూడో కంపెనీని ఏకగ్రీవంగా ఎంపిక చేయడమైనది.

రేపు తెరుస్తామన్న బీరువాను వానలు వెళ్లాక తెరిచారు. పుస్తకాలన్నింటికీ గీతల స్టిక్కర్లు అంటించారు. అంటించడానికి వీపు మీద పేరున్న చోటే అనువుగా ఉంది. అందుచేత ఏ పుస్తకం ఏదో తెలియాలంటే గీతలు చదివే యంత్రం కావాలి. అది రెండో దశలో వస్తుంది. రచయిత ఫోను నంబరు ఇవ్వనిదే సాఫ్ట్‌వేర్ పుస్తకాన్ని లోపలికి రానివ్వలేదు. రచయితల్లో చాలామంది పోయారు కాబట్టి అందరికీ గ్రంథపాలకుడి నంబరే కొట్టారు. అప్పటినుంచి ఆయనకు ప్రతి ఉదయం, మీ రచన విశేష ఆదరణ పొందుతోందని అభినందన సందేశాలు వస్తున్నాయి. వారం తిరిగేసరికి ఆయన నడకలోనే కొంత మార్పు వచ్చింది.

దర్జీ సభ్యత్వాన్ని కూడా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. పాతవన్నీ కొట్టేసి మొదలుపెట్టింది గనుక, దాని ప్రకారం ఆ పట్టణంలో ఇంతవరకు ఎవరూ ఏ పుస్తకమూ చదవలేదు. మొదటి భాగం చదవనివాడికి రెండో భాగం ఇవ్వడం అక్రమం.

"చదివానండీ, కావాలంటే కథ చెబుతాను," అన్నాడు దర్జీ.

"నాకు తెలుసు టైలరుగారూ. దానికి తెలియాలి కదా."

ప్రారంభోత్సవం నాడు ఆ నవలే తొలి పుస్తకంగా దర్జీకి ఇవ్వాలని తీర్మానించారు. వేదిక మీద పుస్తకానికి ఒక కొస అధ్యక్షులవారు, ఇంకో కొస దర్జీ పట్టుకున్నారు. ఫొటోలు తీశారు. వెనకాల కంప్యూటర్ మాత్రం పుస్తకం ఇచ్చినట్టూ ఒప్పుకోలేదు, లోపల ఉన్నట్టూ ఒప్పుకోలేదు. ఒక చక్రం తిరుగుతూ ఉండిపోయింది. జనం వెళ్లిపోయాక గ్రంథపాలకుడు చాలాసేపు ఆలోచించాడు.

"సిస్టంలో లేని పుస్తకాన్ని నేను ఇవ్వలేను. సిస్టంలో లేని పుస్తకాన్ని మీరు తీసుకుపోతే ఆపనూ లేను," అన్నాడు.

అలా రెండో భాగం దర్జీ ఇంటికి చేరింది. అతను దాన్ని మిషను మీద పెట్టి, చెమటకు తడిసిన చొక్కా మార్చుకుని, ఒక కాగితం అందుకున్నాడు. మర్నాడు పక్క పట్టణంలో సమావేశం ఉంది. సాఫ్ట్‌వేర్ ఎంపికలో పాఠకుల పాత్ర గురించి మాట్లాడమన్నారు.

"ఇదేనా మీరు ఇన్నాళ్లూ కలవరించింది?" అంది భార్య పుస్తకం చేతిలోకి తీసుకుని.

"అక్కడ పెట్టు. తీరిగ్గా చదవాలి."

తీరిక దొరకలేదు. పక్క పట్టణం తరువాత దాని పక్క పట్టణం పిలిచింది. కొట్టు భార్య చూసుకుంటోంది. మొదటి భాగం కథ ఆమెకు భర్త నోటివెంట అక్షరం పొల్లుపోకుండా వచ్చు కాబట్టి, గుండీలకూ గుండీలకూ మధ్య రెండో భాగం ఆమే చదివేసింది.

"హంతకుడెవరో తెలిసిందండీ," అంది ఒకరోజు, అతను చెప్పులు వేసుకుంటుంటే. "అల్లుడు కాదు."

"ఒక పేజీలో రాసిపెట్టు, బస్సులో చూసుకుంటాను," అని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది గ్రంథాలయానికి ఉత్తమ నిర్వహణ పురస్కారం వచ్చింది. ఒక్క పుస్తకం పోలేదు, ఒక్కటి చిరగలేదు, ఒక్కటీ గడువు దాటలేదు. సన్మాన సభలో దర్జీ పఠనం గొప్పదనం మీద ధారాళంగా మాట్లాడాడు. వెనక వరసలోంచి అతని పక్కకొట్టు మంగలి లేచి, "అన్నా, ఈమధ్య నువ్వేం చదివావు?" అని అడిగాడు.

దర్జీ తడబడలేదు. "ప్రస్తుతం పఠనానికి అనువైన వాతావరణం నెలకొల్పుతున్నాం తమ్ముడూ," అన్నాడు.

సభ హర్షధ్వానాలు చేసింది. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టినవాడు మంగలే. అతన్ని రెండో దశ కమిటీలో వేశారు.

దర్జీ భార్యకు హంతకుడెవరో తెలుసు. మొగుడు ఎప్పుడైనా అడుగుతాడేమోనని కొన్నాళ్లు చూసి, మానేసింది. అతన్ని మాత్రం అని ఏం లాభం? ఎవర్ని ఎంపిక చేశారు, ఎవరు అధ్యక్షులు, పురస్కారం ఎవరికొచ్చింది అని ఇంత దూరం శ్రద్ధగా చదువుకొచ్చారు గాని, ఆ నవల పేరేమిటని మీరూ అడగలేదు.